‘ఎ’ నుంచి ‘డి’ వరకు ఒకే జవాబు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పార్లమెంటు సమావేశాలు జరిగినన్నాళ్లూ ఎవరు ఎవరి మీద కేకలు వేశారో, ఎందరిని సస్పెండ్ చేశారో, సభ ఎన్నిసార్లు వాయిదా పడిందో మీ పత్రికలో వివరంగా వస్తుంది. మన సభ్యుడు మంత్రిని ఏమి అడిగాడన్నది మాత్రం రాదు. వచ్చినా మంత్రి చెప్పిన జవాబు నాలుగు వాక్యాలు వేసి సరిపెడతారు. పక్కన ప్రశ్న లేకుండా చదివితే ఏ మంత్రి జవాబైనా నిండుగానే కనిపిస్తుంది.

నేను కాశీబుగ్గలో అర్జీలు, దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ని. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్సుకు వెళ్లేవాళ్లు ఆదివారం సాయంత్రమే నా దగ్గరికి వస్తారు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ కార్యక్రమం పేరు మారుతుంది. అర్జీ కింద పడే ‘పరిశీలించి తగు చర్య తీసుకోవలెను’ అన్న రాత మాత్రం మారదు. ‘మా ఊరికి న్యాయం చేయండి’ అని రాస్తే ఆ అర్జీ వెనక్కి రాదు, పని కూడా కాదు. ఫలానా సర్వే నంబరు, ఫలానా తేదీ ఉత్తర్వు, ఇంతవరకు ఎందుకు అమలు కాలేదు అని రాస్తే అధికారి ఏదో ఒకటి చెప్పక తప్పదు. లోక్‌సభ, రాజ్యసభ వెబ్‌సైట్లలోని ప్రశ్నలూ జవాబులూ నేను ఆ కన్నుతోనే చదువుతాను. ఇది పనిలేని పని అని మా ఇంట్లో అభిప్రాయం. కావచ్చు. కానీ చదివినకొద్దీ ఒళ్లు మండుతోంది. మంత్రుల మీద కాదు, వాళ్లు తప్పించుకోవడంలో వింత లేదు. అడిగేవాళ్ల మీద.

లోక్‌సభలో ప్రశ్న వేయాలంటే కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. నన్నడిగితే అది చాలా ఎక్కువ. మూడు తరాల భూమి తగాదాను నేను అంతకంటే తక్కువలో చెప్పగలను. నక్షత్రం గుర్తున్న ప్రశ్నలు రోజుకు ఇరవై. వీటికి మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, సభ్యుడు అప్పటికప్పుడే అనుబంధ ప్రశ్న వేయవచ్చు. గుర్తు లేనివి 230, వాటికి కాగితం మీద జవాబు వస్తుంది. ఎవరి ప్రశ్న ముందు వస్తుందో లాటరీ తేలుస్తుంది. మంత్రిని ముఖాముఖి నిలదీసే అవకాశం దొరకడమే అరుదన్నమాట. అది దొరికిన రోజున సభ్యుడు లేచి, తన నాయకుడికి ధన్యవాదాలు చెప్పి, నియోజకవర్గం గొప్పతనం చెప్పి, ‘ప్రశ్న అడగండి’ అని స్పీకర్ గుర్తుచేశాక, ‘దీని మీద ప్రభుత్వం ఏమి చర్యలు తీసుకుంటోంది?’ అని కూర్చుంటాడు. మంత్రికి ఇంతకన్నా ఇష్టమైన ప్రశ్న లేదు. చర్యల జాబితా ఆయన ఫైల్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

రాతపూర్వకంగా అడిగినవాటి గతి ఇంకో రకం. సభ్యుడు ప్రశ్నను (ఎ), (బి), (సి), (డి) అని నాలుగు ముక్కలు చేస్తాడు. అసలు కీలకం (సి)లో ఉంటుంది: ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి అని. జవాబు ‘(ఎ) నుంచి (డి) వరకు’ అని మొదలై, పేజీన్నర పథకాల పేర్లతో ముగుస్తుంది. నాలుగింటినీ కలిపేశారు కనుక (సి) ఎక్కడ మునిగిందో మనమే వెతుక్కోవాలి. అలాంటి జవాబు వచ్చాక అదే సభ్యుడు తర్వాతి సమావేశాల్లో ఆ (సి) ఒక్కదాన్నే మళ్లీ పట్టుకుని అడగడం నాకు కనబడేది బహు తక్కువ.

వృద్ధుల రైలు రాయితీ సంగతి చూడండి. 60 ఏళ్లు నిండిన మగవారికి 40 శాతం, 58 నిండిన ఆడవారికి 50 శాతం ఉండేది. కోవిడ్ సమయంలో, 2020 మార్చి 20న ఆపేశారు. అప్పటినుంచి అన్ని పార్టీల సభ్యులూ ‘పునరుద్ధరిస్తారా, లేకపోతే కారణాలేమిటి?’ అని అడుగుతూనే ఉన్నారు. జవాబు కూడా అంకెలు మారడం తప్ప స్థిరపడిపోయింది, ఉదాహరణకు: 2022-23లో ప్రయాణికుల టికెట్ల మీద రైల్వే 56,993 కోట్ల రూపాయల సబ్సిడీ భరించింది, అంటే ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం రాయితీ ఇస్తున్నట్టే. ముసలివాళ్ల గురించి అడిగితే ఊరందరి గురించి చెప్పారు. కనీసం స్లీపర్‌కూ థర్డ్ ఏసీకీ ఈ రాయితీ సంగతి పరిశీలించమని రైల్వే వ్యవహారాలు చూసే పార్లమెంటు స్థాయీ సంఘమే సిఫార్సు చేసింది. ప్రశ్న అక్కడికి వెళ్లాలి. ఆ సిఫార్సును ఆమోదించారా, తిరస్కరించారా, ఏ తేదీన, ఆ రెండు తరగతులకే ఇస్తే ఏడాదికి అయ్యే ఖర్చెంత? దీనికి 46 శాతం లెక్క అతకదు. ఒకే ప్రశ్నను అందరూ ఒకే మాటల్లో వేస్తే పాత జవాబులో తేదీ మార్చి పంపడానికి గుమాస్తాకు అయిదు నిమిషాలు కూడా పట్టదు.

మా ప్రాంతం సంగతికి వస్తాను. ఈ మధ్య, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం నుంచి ఒక కొబ్బరి రైతు నా దగ్గరికి వచ్చాడు. డయాలసిస్ సూదుల కోసం ఎడమ చేతికి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా మోచేతి దాకా ఉబ్బి ఉంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, బీపీ కూడా ఆ చేతికి చూడరు. సంచి కుడి భుజాన వేసుకుని, ఎడమ చేతిని నా బల్ల మీద జాగ్రత్తగా ఆనించి కూర్చున్నాడు. “రైటరు గారూ, జబ్బు గురించి రాయమనడం లేదు. డయాలసిస్ బాగానే చేస్తున్నారు. నాలుగు గంటలు మంచం మీద ఉండి లేచాక ఇంటికి వెళ్లడానికి బస్సు ఉండటం లేదు. అది ఒక్కటీ రాయండి చాలు” అన్నాడు. వారానికి రెండు మూడు సార్లు ఆటోకు పెట్టే డబ్బు పింఛనులోంచే పోతోంది. తోడు వచ్చే భార్యకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగులో టికెట్టే లేదు. బస్సు ఉంటే కదా!

ఆ అర్జీ ఎవరి పేరున రాయాలి? వైద్య శాఖకు రాస్తే బస్సులు మావి కావంటారు. ఆర్టీసీకి రాస్తే ఆ రూట్లో ఓఆర్ (సీట్లు నిండే శాతం) రాదంటారు. రైల్వేకు రాద్దామా అంటే అక్కడ రాయితీ ఉంది. డయాలసిస్‌కు వెళ్లే కిడ్నీ రోగికి సెకండ్, స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లో టికెట్ మీద 75 శాతం తగ్గిస్తారు, తోడు వెళ్లేవారికీ అంతే. వృద్ధుల రాయితీ పోయినా ఇది పోలేదు. అయితే మందస రోడ్డు, బారువ లాంటి చిన్న స్టేషన్లలో ఆగే బండ్లు తక్కువ. ఆగని బండిలో రాయితీ ఎంత ఉంటే ఏమిటి?

పైగా ఆ స్టేషన్లు ఎవరివో చూడండి. దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరి 27న ప్రకటించారు. శంకుస్థాపన 2025 జనవరి 8న జరిగింది. మరుసటి నెలలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు డివిజన్‌ను కుదించి విశాఖపట్నం డివిజన్‌గా పేరు మార్చింది. దాని ఉత్తరపు హద్దు పలాస. పలాస దాటాక ఉన్న మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం ఎప్పటిలాగే ఖుర్దా రోడ్ డివిజన్‌లో, భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న తూర్పు కోస్తా జోన్‌లోనే ఉండిపోయాయి. (సోంపేట స్టేషన్ కంచిలిలో ఉంటుంది. శ్రీకాకుళం స్టేషన్ ఆమదాలవలసలో ఉన్న జిల్లాలో ఇదేమీ వింత కాదు.) ఆంధ్రుల జోన్ వచ్చిందని అందరం మిఠాయిలు పంచుకున్నాం. ఉద్దానం రోగి రైలు ఆపమని అడగాలంటే మాత్రం నేను అర్జీ మీద పొరుగు రాష్ట్రం చిరునామాయే రాయాలి. జోన్ మీద వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా ‘ఎప్పుడు మొదలవుతుంది?’ చుట్టూనే తిరిగాయి. పలాస, ఇచ్ఛాపురం మధ్య స్టేషన్లను ఏ ప్రాతిపదికన వదిలేశారు, అక్కడ ఏ బండి ఆగాలో ఇకమీదట ఎవరు తేలుస్తారు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి దీని మీద లేఖ అందిందా, అందితే ఏ తేదీన? నక్షత్రం గుర్తు పెట్టి ఇది అడగండి. ‘ఏ తేదీన’ అన్నది మరచిపోవద్దు. అటు ఢిల్లీనీ ఇటు అమరావతినీ ఇబ్బంది పెట్టే ముక్క అదే.

ఆరోగ్యం మీద ఢిల్లీలో ఏమి అడిగినా జవాబులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ‘ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోని అంశాలు.’ రాజ్యాంగంలో అలాగే ఉంది, కాదనలేం. అందుకే ఢిల్లీ చేతిలో ఉన్నదాన్నే ఢిల్లీలో అడగాలి. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద శ్రీకాకుళం జిల్లాలో ఎన్ని యంత్రాలు పెట్టారు, ఈ రోజు ఎన్ని నడుస్తున్నాయి? ఇంటి దగ్గరే పొట్ట ద్వారా చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌కు 2019లో అదే కార్యక్రమం కింద మార్గదర్శకాలు ఇచ్చారు కదా, మా జిల్లాలో అది ఎందరికి అందుతోంది? అది సరిపడే రోగులందరికీ అందితే వాళ్లకు బస్సుతోనే పని ఉండదు. ఉద్దానం జబ్బుకు మూలకారణం ఇంతవరకు తేలలేదు. భారత వైద్య పరిశోధన మండలి ఏ ఏ అధ్యయనాలకు నిధులిచ్చింది, వాటి నివేదికలు ఎక్కడున్నాయి?

అమరావతిలో అడగవలసినవి వేరు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రినీ కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ ప్రారంభించారు. హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమైంది కూడా ఆ రోజే. కట్టింది ఒక ప్రభుత్వం, నడపవలసింది ఇంకో ప్రభుత్వం. దాంతో దీని మీద మాట వచ్చినప్పుడల్లా గొప్ప మాదా, తప్పు మీదా అన్న దగ్గరే బండి ఆగిపోతోంది. మాకు కావలసింది ఆ పంచాయితీ కాదు. నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, ఎందరు చేరారు, చేరినవారిలో ఎందరు డెప్యుటేషన్ మీద వేరే చోట ఉన్నారు? పరిశోధన అన్న మాట బోర్డు మీద ఉన్న కేంద్రంలో ప్రస్తుతం ఏ పరిశోధన నడుస్తోంది? ఏ పంచాయతీ కుళాయిల్లో హిరమండలం నీళ్లు రోజూ వస్తున్నాయి, ఎక్కడ రావడం లేదు? ఇక్కడ పంచాయతీల పేర్లతో జాబితా అడగాలి. శాతం అడిగితే శాతమే ఇస్తారు, దాన్ని ఎవరూ సరిచూడలేరు. ఊరి పేరు రాసి ఇస్తే ఆ ఊరివాడు మర్నాడు పేపర్లో చూసి, మా వీధిలో రావడం లేదని మీకు ఫోను చేస్తాడు. ఆ భయం ఉన్నప్పుడే శాఖవాళ్లు జవాబు జాగ్రత్తగా రాస్తారు.

ఇక జీడి. పలాస, కాశీబుగ్గ బతికేది దాని మీదే. రైతు పిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలను పడగొట్టాక చెట్లు మళ్లీ నాటుకుని, వాటిని కాపుకు తెచ్చుకుంటే, పంట చేతికొచ్చే వేసవిలోనే ధర దిగిపోతోంది. ఆఫ్రికా పిక్క వచ్చి పడటం వల్లేనని రైతు అంటాడు. ఆ పిక్కే లేకపోతే మా మిల్లు ఏడాదిలో సగం మూతపడుతుంది, పప్పు ఒలిచే ఆడవాళ్లకు కూలి ఉండదని యజమాని అంటాడు. ఇద్దరూ నా దగ్గరే అర్జీలు రాయించుకుంటారు, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ‘జీడి రైతులను ఆదుకోవడానికి ఏమి చర్యలు’ అనే ప్రశ్న ఈ ముడికి ఆమడ దూరంలో ఉంటుంది.

ముడి జీడి మీద దిగుమతి సుంకాన్ని 2018-19 బడ్జెట్‌లో 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించారు. పప్పు దిగుమతికి మాత్రం 2019లో కనీస ధరను పెంచారు: గుండ్లు (విరగని పప్పు) కిలో 720 రూపాయలు, ముక్కలు 680. మిల్లువాడికి ఒక గోడ కట్టారు, మంచిదే. పిక్క పండించేవాడికి ఏ గోడా లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఎండు కొబ్బరి ఉంది, జీడి లేదు. పైగా రైతు దగ్గర పిక్క కొన్న వ్యాపారి రివర్స్ ఛార్జి కింద 5 శాతం జీఎస్టీ తానే కట్టాలి. బస్తాకు ధర కట్టేటప్పుడు ఆ 5 శాతం ఎవరి వాటాలోంచి పోతుందో సంతలో తిరిగిన ఎవరికైనా తెలుసు.

ఇంతకీ జీడి ఏ మంత్రిది? సాగు వ్యవసాయ శాఖది, ఎగుమతి వాణిజ్య శాఖది, సుంకం ఆర్థిక శాఖది. పొగాకుకు గుంటూరులో బోర్డు ఉంది. పసుపుకు 2025లో నిజామాబాద్‌లో వచ్చింది. జీడి, కోకో అభివృద్ధి డైరెక్టరేట్ కొచ్చిలో, జీడిపప్పు ఎగుమతి ప్రోత్సాహక మండలి కొల్లాంలో ఉన్నాయి. పలాసలో బోర్డు పెట్టమని అడుగుతూనే ఉన్నాం, కానీ బోర్డు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వాణిజ్య మంత్రిని ఇది అడగమనండి: గత అయిదేళ్లలో మార్చి నుంచి జూన్ దాకా నెల నెలకూ దిగుమతైన ముడి జీడి ఎంత, ఏ దేశం నుంచి, ఏ రేవులో దిగింది, అందులో సుంకం కట్టి వచ్చిందెంత, మినహాయింపుతో వచ్చిందెంత? ఆ పట్టిక చేతికొస్తే రైతు చెప్పింది ఎంత నిజమో, మిల్లువాడు చెప్పింది ఎంత నిజమో అప్పుడు తేలుతుంది. పంట నాలుగు నెలలకు మాత్రమే సుంకం పెంచితే మిల్లుకూ దెబ్బ తగలకుండా రైతుకూ ఊపిరి ఆడుతుందని నా అభిప్రాయం. లెక్కలు లేకుండా అది అభిప్రాయమే.

వీటిని అడిగేది ఎవరు? శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి. టెక్కలి ఎమ్మెల్యే అచ్చెన్నాయుడు గారు రాష్ట్ర వ్యవసాయ మంత్రి. సంతోషం, జిల్లాకు పరపతి పెరిగింది. కానీ మంత్రిగా ఉన్న మనిషి ప్రశ్నోత్తరాల సమయంలో సాటి మంత్రిని ప్రశ్న అడగడానికి లేదు. పదేళ్లు అడిగే బల్ల మీద కూర్చున్నవారు చెప్పే బల్ల మీదికి వెళ్లారు. లోపల మాట్లాడి పని చేయిస్తారు కదా అని కొందరంటారు. చేయిస్తే మంచిదే. అయితే లోపల మాట్లాడింది రికార్డులో ఉండదు, రేపు చూపించి అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు. కాబట్టి ఈ భారం విజయనగరం ఎంపీ మీద పడుతుంది. మా జిల్లాలోని ఎచ్చెర్ల ఎలాగూ ఆయన కిందికే వస్తుంది. రాష్ట్రం నుంచి వెళ్లిన పదకొండు మంది రాజ్యసభ సభ్యులకూ ఇందులో వాటా ఉంది.

శాసనసభలో పలాస, ఇచ్ఛాపురం ఎమ్మెల్యేలు అధికార పక్షం వారు, మంత్రులు కారు. తమ ప్రభుత్వాన్ని తాము అడిగితే ఎదురు తిరిగినట్టు కాదు. పదకొండు మంది ఉన్న వైఎస్సార్‌సీపీ తనకు ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని సభకు చాలావరకు దూరంగా ఉంటోంది. హోదా లేకపోయినా ప్రశ్న వేయవచ్చు, దానికి సంఖ్యాబలంతో పని లేదు. మండలిలో ప్రతిపక్ష నాయకుడు బొత్స సత్యనారాయణ గారు విజయనగరం జిల్లావారే, ఉమ్మడి రాష్ట్రంలో రవాణా శాఖ చూసినవారే. ఓఆర్ రాదని డిపో చెప్పే కథ ఆయనకు ఒకరు వివరించనక్కర్లేదు.

మరో సంగతి. ‘సమాచారం సేకరిస్తున్నాం’, ‘పరిశీలిస్తాం’ అని పార్లమెంటులో మంత్రి అంటే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేర్చకపోతే ప్రభుత్వ హామీల కమిటీ అడుగుతుంది. నా అర్జీల మీద పడే రాతకు అలాంటి కమిటీ ఉంటే ఈపాటికి నా వృత్తి మూతపడేది. మన సభ్యులకు అంత గట్టి తాడు చేతిలో ఉండి కూడా దాన్ని లాగేవారు తక్కువ.

సంపాదకుడు గారూ, మీ వైపు నుంచి కూడా ఒక పని కావాలి. సమావేశాలు ముగిసిన వారం మా జిల్లా పేజీల్లో అర పేజీ దీనికి ఇవ్వండి. ఏ సభ్యుడు ఏ ప్రశ్న వేశారు, జవాబులో ఏ ముక్కకు సమాధానం లేదు, ఏ హామీకి మూడు నెలలు దాటాయి అన్నది పేర్లతో వేయండి. ప్రశ్నలు తయారు చేసుకోవడానికి సభ్యులకు తీరిక లేకపోతే పైన రాసినవి వాడుకోవచ్చు, రాతకూలి అడగను. 150 పదాలు దాటుతున్నాయంటే కుదించి కూడా ఇస్తాను.

ఇట్లు,
ఒక అర్జీల రైటరు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా